మన వాడ ఫొటో మనమే తీద్దాం: కొత్తగా కెమెరా పట్టినవాళ్లకు కొన్ని మాటలు

ఏప్రిల్ 14 సాయంత్రానికి నా ఫోన్ నిండిపోతుంది. ఊరూరి నుంచీ తమ్ముళ్లు, చెల్లెళ్లు జయంతి ఫొటోలు పంపిస్తారు. "అన్నా, మన ఊరి ప్రోగ్రామ్, కాస్త వెయ్యండి" అని ఒక్కొక్కరు నలభై, యాభై పంపుతారు. తెరిచి చూస్తే అన్నీ ఒకటే ఫొటో. విగ్రహం ముందు పదిహేను మంది వరసగా నిలబడి ఉంటారు. మధ్యలో ఉన్నాయన చేతిలో దండ. బాబాసాహెబ్ చూపుడువేలు ఫ్రేమ్ అంచున తెగిపోయి ఉంటుంది. వెనక కరెంటు స్తంభం సరిగ్గా ఒకరి నడినెత్తిన మొలిచి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు అందరి కళ్లూ నల్లటి గుంటలు. అది చాలదన్నట్టు ఏదో ఫిల్టర్ వేసి, ముఖాలన్నిటికీ సున్నం కొట్టి పంపుతారు.

ఎవర్నీ తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నేర్పేవాళ్లు లేరు, యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు కొండలూ సూర్యాస్తమయాలూ పెళ్లి ఆల్బమ్‌లూ ఎలా తీయాలో చెప్పేవారు. మన వాడలో, మన ఎండలో, మన రంగు మనుషుల్ని ఎలా తీయాలో ఎవరూ చెప్పలేదు. చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. కొత్త కెమెరా కోసం అప్పు చేయకండి.

ముందు కొంచెం చరిత్ర. మనల్ని కెమెరా మొదట చూసింది మన కోసం కాదు. 1868 నుంచి 1875 మధ్య బ్రిటిష్ ప్రభుత్వం 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాల ఫొటోల పుస్తకం వేసింది. దేశంలో ఏ కులం, ఏ తెగ ఎలా ఉంటుందో పాలకులకు తెలియడం కోసం. ఆ తర్వాత మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలూ తెగల మీద 7 సంపుటాలు తెచ్చాడు. అది 1909. మనుషుల ముక్కులు, తలలు కొలిచే మనిషి ఆయన. ఆ పుస్తకాల్లో మాల, మాదిగల గురించీ ఉంది. చాలా బొమ్మల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరే ఉంటుంది. మ్యూజియం సీసాలో పెట్టిన పురుగుకు చీటీ అంటించినట్టు. ఆ కాలం పోయిందనుకుంటాం గానీ, ఇవాళ్టికీ మన ముఖం పత్రికలో పడేది ఎక్కువగా మూడు సందర్భాల్లోనే: చచ్చిపోయినప్పుడు, మురుగుకాలవలో దిగినప్పుడు, ఎవరో ఇచ్చే బియ్యం సంచి అందుకుంటున్నప్పుడు. అందుకే మనవాళ్ల చేతిలో ఉన్న ఫోన్ సంగతి నాకు చిన్న విషయంగా కనపడదు.

అయితే మనమే తీసినంత మాత్రాన చూపు మారిపోదు. అది నాకు మా పెద్దమ్మ నేర్పింది.

పెద్దమ్మ ఫొటో

అది మిరపకాయల కాలం. కల్లంలో పెద్దమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. నేను కొత్తగా ఫోన్ కొన్న ఊపులో ఉన్నాను. ఆమె ముందు నిలబడి, పై నుంచి కిందికి ఫోన్ వంచి తీశాను. ఆమె తల పైకెత్తి చూసింది. ఇంటికొచ్చి ముఖం వరకూ దగ్గరగా కత్తిరించాను. రంగులు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేశాను. ముడతలు బాగా కనపడాలని స్నాప్‌సీడ్‌లో 'స్ట్రక్చర్' చివరిదాకా లాగాను. పెద్ద ఫొటోగ్రాఫర్ అయిపోయాననుకున్నాను. ఫేస్‌బుక్‌లో లైకులు కూడా బాగానే వచ్చాయి. పండక్కి ఊరెళ్లినప్పుడు పెద్దమ్మకి చూపిస్తే, కాసేపు చూసి, "ఇదేందిరా, అడుక్కునేదాన్లాగా ఉన్నా" అంది.

ఆ మాట తర్వాత ఆ ఫొటోని చాలాసార్లు తెరిచి చూసుకున్నాను. ఏం చేశానో ఒక్కొక్కటీ అర్థమైంది. కంపోజిషన్ అంటే, ఎడిటింగ్ అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ ఒక్క చెడ్డ ఫొటోలోనే.

మొదటిది, ఎత్తు. కూర్చున్న మనిషిని నిలబడి తీస్తే ఆమె చిన్నదైపోతుంది, మనం పెద్దవాళ్లమైపోతాం. కింద నుంచి చూస్తున్న కళ్లు ఎవరివైనా సరే ఏదో అడుగుతున్నట్టే ఉంటాయి. సాయం పంపిణీ ఫొటోలన్నీ ఈ ఎత్తు నుంచే వస్తాయి. మందు చాలా సులువు, కూర్చోండి. ఫోన్ లెన్స్ ఆమె కళ్ల ఎత్తుకు రావాలి. చిన్నపిల్లల్ని తీసేటప్పుడైతే నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చోవాల్సి వస్తుంది, ప్యాంటు మాసిపోతుంది, పోనివ్వండి. ఫొటో తీయడంలో ఒకేఒక్క మార్పు చేసుకోమంటే నేను దీన్నే చెప్తాను.

రెండోది, నేను కత్తిరించి పారేసింది. ముఖం మాత్రమే ఉంచాను. చేతులు పోయాయి. మిరపకాయల రాశి పోయింది. పక్కన మాట్లాడుకుంటూ పనిచేస్తున్న ఆడవాళ్లు పోయారు. పని పోతే మిగిలేది ముసలితనం, పేదరికం. చూసేవాడికి ఆమె ఏం చేస్తోందో తెలియదు కాబట్టి, జాలిపడటం తప్ప ఇంకేం చేయగలడు?

మూడోది, రంగు. మిరప కల్లంలో రంగు తీసేయడం కన్నా తెలివితక్కువ పని ఉంటుందా! ఆ ఎరుపే కదా ఆ ఫొటోలో సగం సంగతి. బ్లాక్ అండ్ వైట్ చెడ్డదని కాదు. రంగులు అడ్డంపడుతున్నప్పుడు, వెలుతురూ ఆకారమూ మాత్రమే చెప్పాల్సి వచ్చినప్పుడు అది పనికొస్తుంది. బాధగా కనపడాలని వాడితే మాత్రం అది అబద్ధానికి దగ్గర.

నాలుగోది ఆ 'స్ట్రక్చర్' స్లైడర్. లైట్‌రూమ్‌లో దీన్నే కాస్త అటూఇటూగా 'క్లారిటీ', 'టెక్స్చర్' అంటారు. చిన్నచిన్న గీతల దగ్గర నలుపును మరింత నలుపు, తెలుపును మరింత తెలుపు చేస్తుంది. రాతిగోడకు బాగుంటుంది. మనిషి ముఖానికి వేస్తే పదేళ్ల వయసు పెరుగుతుంది.

తర్వాతి రోజు మళ్లీ కల్లానికి వెళ్లాను. "ఉండు, మంచి చీర కట్టుకొస్తా" అంది. పనిలో ఉన్నట్టే సహజంగా ఉండాలి కదా అని నా లోపలి పుస్తకజ్ఞానం అడ్డుపడింది గానీ నోరు మూసుకున్నాను. తన ఫొటోలో తను ఎలా ఉండాలో ఆమెకు ఓ అభిప్రాయం ఉంది. అది నా అభిప్రాయం కన్నా చిన్నదేం కాదు.

అంచులు, వెనక గోడ

కొత్తవాళ్లం ఫొటో తీసేటప్పుడు మధ్యలోకే చూస్తాం. ముఖం దొరికిందా, నొక్కేశామా. నొక్కే ముందు ఒక్క సెకను స్క్రీన్ నాలుగు అంచుల వెంట కళ్లు తిప్పండి. ఎవరి మోచెయ్యి తెగింది, ఏ ప్లాస్టిక్ కుర్చీ సగం దూరింది, ఎవరి పాదాలు పోయాయి? మనిషిని తెంపాల్సి వస్తే కీళ్ల దగ్గర తెంపకండి. మోకాలి దగ్గర, మణికట్టు దగ్గర తెగితే అవయవం పోయినట్టు ఉంటుంది. నడుము దగ్గరో, తొడ మధ్యలోనో ఆపితే కంటికి ఇబ్బంది ఉండదు.

ఆ తర్వాత వెనకభాగం. నెత్తిన మొలిచే స్తంభం సంగతి చెప్పాను కదా, దానికి ఎడిటింగ్ అక్కర్లేదు. ఒక అడుగు పక్కకి జరగండి, అంతే. జూమ్ చేయడం కన్నా నడవడం మేలు. ఫోన్‌లో వేళ్లతో లాగే జూమ్ చాలావరకు ఉన్న ఫొటోని సాగదీయడమే. అలాగే 0.5 లెన్స్‌తో గ్రూపు ఫొటో తీస్తే అంచుల్లో ఉన్నవాళ్ల ముఖాలు సాగి వంకరపోతాయి. అంచుల్లో నిలబడేది ఎవరో మీకు తెలుసు, ఆడవాళ్లు, పిల్లలు. నాయకుడు మధ్యలో కాబట్టి ఆయన ముఖం బాగానే ఉంటుంది. జయంతి రోజు వంట చేసిన అక్కలైతే అసలు ఏ ఫొటోలోనూ ఉండరు. ఒక్క ఫొటో వంట దగ్గరికి వెళ్లి తీసుకురండి, ఈసారి నేను తప్పకుండా వేస్తాను.

వెనకభాగం ఎంత మాట చెప్పగలదో తెలియాలంటే గోర్డన్ పార్క్స్ ఫొటో చూడాలి. పార్క్స్ నల్లజాతి అమెరికన్. తాకట్టు దుకాణంలో కొన్న కెమెరాతో పని నేర్చుకున్నవాడు. 1942లో వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఆఫీసులో ఫొటోగ్రాఫర్‌గా చేరాడు. దేశ రాజధానిలో హోటల్లో అన్నం పెట్టలేదు, సినిమాహాల్లోకి రానివ్వలేదు. అదే బిల్డింగులో నేలలు తుడిచే ఎల్లా వాట్సన్ అనే ఆమెతో మాట్లాడి, ఆమె కథ విని, అమెరికా జెండా ముందు నిలబెట్టి తీశాడు. ఒక పక్క చీపురు, ఇంకో పక్క తడిగుడ్డ కర్ర. జెండా కొంచెం మసకగా ఉంటుంది, ఆమె స్పష్టంగా ఉంటుంది. ఇంకేమీ లేదు ఆ ఫొటోలో. ఆ జెండా తీసేసి మామూలు గోడ పెట్టండి, పనిమనిషి ఫొటో అవుతుంది. జెండా ఉంది కాబట్టి అది దేశాన్ని నిలదీసే ఫొటో. ఇంకో సంగతి, పార్క్స్ ఆ ఒక్కటీ తీసి వెళ్లిపోలేదు. ఆమె ఇంటికీ, చర్చికీ వెంట వెళ్లి ఇంకెన్నో తీశాడు.

మన దగ్గరి ఉదాహరణ మీ అందరికీ తెలిసిందే. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు విద్యార్థులు సామాన్లతో బయటికి నడిచినప్పటి ఫొటో. రోహిత్ వేముల చేతుల్లో అంబేడ్కర్ పటం. దాన్ని రోహిత్ ముఖం వరకే కత్తిరించి చూడండి, ఐడీ కార్డు ఫొటో మిగులుతుంది. పటమూ, దాన్ని పట్టుకున్న చేతులూ ఉన్నాయి కాబట్టి వాళ్లు ఎవర్ని వెంటబెట్టుకుని వెళ్తున్నారో మాట లేకుండానే తెలుస్తోంది. ఫొటో తీసేటప్పుడు మనిషి చేతుల్లో ఏముందో చూడటం అలవాటు చేసుకోండి.

రూల్ ఆఫ్ థర్డ్స్ గురించి అందరూ చెప్తారు, నేనూ ఒక ముక్క చెప్తాను. సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోండి. ముఖ్యమైనదాన్ని మధ్యలో కాకుండా గీతలు కలిసేచోట పెట్టి చూడండి. నాకైతే ఆ గీతలు ఫొటో వంకరపోకుండా చూసుకోవడానికే ఎక్కువ పనికొచ్చాయి.

బాబాసాహెబ్ విగ్రహాల విషయంలో మాత్రం ఇది బాగా పనిచేస్తుంది. ఆయన చెయ్యి ఒక వైపు చూపిస్తూ ఉంటుంది. చూపిస్తున్న వైపు ఖాళీ ఎక్కువ వదలండి. వేలు అంచుకు కొట్టుకుంటే ఆయన గోడను చూపిస్తున్నట్టుంటుంది. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించినవి రెండూ 125 అడుగుల విగ్రహాలు. పాదాల దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తితే విగ్రహం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. దూరం వెళ్లండి. కింద మనుషులు కూడా పడేలా తీయండి. పక్కన మనిషి లేకపోతే 125 అడుగులూ 12 అడుగులూ ఒకటే.

మన రంగు, కెమెరా లెక్క

ఇది కొంచెం నిదానంగా చదవండి. కెమెరాకు మనిషి తెలియదు. ఎదురుగా ఏమున్నా అది తెలుపూ నలుపూ కాని నడిమి బూడిదరంగు అనుకుని వెలుతురు సర్దుతుంది. తెల్లటి సున్నపు గోడ ముందు నల్లటి మనిషిని నిలబెడితే, 'అబ్బో, తెలుపు ఎక్కువైంది' అనుకుని మొత్తం చీకటి చేస్తుంది, ముఖం మాయమవుతుంది. చీకటి గుమ్మంలో నిలబెడితే 'నలుపు ఎక్కువైంది' అనుకుని వెలుతురు పెంచేస్తుంది, ముఖం బూడిద పూసినట్టవుతుంది. ఇప్పటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుతాయి, అయినా నమ్మడానికి లేదు. స్క్రీన్ మీద ముఖాన్ని వేలితో నొక్కండి. పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని పైకీ కిందికీ జరిపి, ఎదురుగా ఉన్న మనిషి రంగుకు ఎంత దగ్గరగా వచ్చిందో చూసుకుని అప్పుడు తీయండి. వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ లెక్క తాళం పడిపోతుంది, ప్రతిసారీ మార్చనక్కర్లేదు.

ఈ గొడవ యంత్రం ఒక్కదానిదే కాదు. కొడాక్ కంపెనీ దశాబ్దాల పాటు రంగు ఫొటోల ప్రింటింగ్ సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక నమూనా ఫొటో ఇచ్చేది. అందులో తెల్లజాతి యువతి ఉండేది. ఆ కార్డుకు 'షర్లీ కార్డు' అని పేరు. ఆమె చర్మం బాగా వస్తే ఫొటో బాగున్నట్టు లెక్క. ముదురు గోధుమ, నలుపు రంగులు ఫిల్మ్ మీద సరిగా పడటం లేదని గొడవపెట్టి కంపెనీని కదిలించినవాళ్లలో చాక్లెట్ కంపెనీలూ, కర్ర సామాన్ల కంపెనీలూ ఉన్నాయి. చాక్లెట్ రంగు కోసం జరిగింది, మనిషి రంగు కోసం జరగలేదు. రకరకాల రంగుల మనుషులున్న కార్డులు వచ్చేసరికి 1990లు వచ్చేశాయి. 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లో నల్లటి చర్మం సరిగా రావడానికి 'రియల్ టోన్' అని ప్రత్యేకంగా పెట్టాల్సి వచ్చిందంటే అప్పటిదాకా సంగతేమిటో ఊహించండి.

కాబట్టి మొదటి పని, కెమెరాలో 'బ్యూటీ' అని ఉండేదాన్ని వెతికి సున్నాకి లాగేయండి. కొన్ని ఫోన్లలో అది మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. నల్లగా ఉన్నామని బడిలో, పెళ్లిచూపుల్లో, ఆఖరికి మన ఇళ్లల్లోనూ అనిపించుకున్నాం. ఇప్పుడు ఫోన్ చేత కూడా అనిపించుకోవాలా?

నల్లటి చర్మానికి అందం ఇచ్చేది వెలుతురు ఎక్కువ పోయడం కాదు, వెలుతురు పక్క నుంచి రావడం. తలుపు దగ్గరో కిటికీ దగ్గరో మనిషిని పక్కకి తిప్పి కూర్చోబెట్టండి. బుగ్గ మీద, ముక్కు మీద, నుదుటి మీద సన్నటి మెరుపు వస్తుంది. ఆ మెరుపుతోనే ముఖం గుండ్రంగా, నిండుగా కనపడుతుంది. పౌడర్ రాసి దాన్ని చంపకండి. బయటైతే పొద్దున తొమ్మిదిలోపు, లేదా పొద్దు వాలాక. మధ్యాహ్నం తప్పదంటే వసారా నీడలోకి తీసుకురండి. చెట్టు నీడ మోసం చేస్తుంది, ఆకుల సందుల్లోంచి పడ్డ ఎండ ముఖం మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది. నీలం షామియానా ఇంకా మోసం. దాని కింద నిలబడ్డ వాళ్లందరి ముఖాలూ నీలంగా మారిపోతాయి. జయంతి సభల ఫొటోలు చాలావరకు ఇక్కడే చెడిపోతున్నాయి. మాట్లాడేవాళ్లను మార్చలేం గానీ, మనం షామియానా అంచున, బయటి వెలుతురు ముఖాల మీద పడే వైపు నిలబడొచ్చు.

ఇంకో చిన్నమాట. లెన్స్ తుడవండి. జేబులో పెట్టిన ఫోన్ లెన్స్ మీద వేలిజిడ్డు ఉంటుంది. రాత్రిపూట లైట్లు తోకచుక్కల్లా సాగడానికి చాలాసార్లు కారణం అదే.

డప్పు దగ్గర

డప్పు ఫొటో అంటే అందరూ ఊరేగింపులో దరువు జోరుగా ఉన్నప్పుడు తీస్తారు. చేతులు అలుక్కుపోతాయి, ముఖాలు తలకాయల వెనక పోతాయి. గంట ముందు వెళ్లండి. మంట వేసి డప్పు కాచుకుంటూ ఉంటారు. మంట వెలుతురు కింద నుంచి, పక్క నుంచి ముఖాల మీద పడుతుంది. ఒకాయన డప్పు మీద వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. చర్మం ఎంత బిగిసిందో తెలుసుకోవడం పెద్ద పనితనం. అది ఫొటోలో పడితే ఆయన కళాకారుడిగా కనపడతాడు, పెళ్లికి పిలిపించుకున్న మేళగాడిగా కాదు.

ఊరేగింపులో తీయాల్సి వస్తే ప్రో మోడ్‌లో షట్టర్ వేగం 1/250 పెడితే చిర్రా చిటికెనపుల్లా గాల్లో ఆగినట్టు వస్తాయి. 1/30 పెట్టి ఫోన్ కదలకుండా పట్టుకుంటే ముఖం నిలిచి చేతులు మాత్రం చెదురుతాయి. నాకు రెండోదే ఇష్టం. ప్రో మోడ్ లేకపోతే వరసగా పది ఫొటోలు కొట్టండి, ఒకటి దొరుకుతుంది.

ఎడిటింగ్ అంటే ముందు ఏరడం

తాలుకాయలు ఏరే పనే ఇదీ. 200 తీశారనుకోండి, అన్నీ పంపితే ఎవరూ చూడరు. ఆ రోజు ఏరకండి, ఆ రోజు అన్నీ బాగున్నట్టే ఉంటాయి. మర్నాడు ఒకసారి గబగబా జరుపుతూ పోండి. కన్ను ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టండి. గుర్తు పెట్టినవాటిలో ఒకే మాట రెండుసార్లు చెప్పేవి పక్కన పెట్టండి. ఏడెనిమిది మిగిలితే చాలు. ఊరు ఎక్కడుందో తెలిసే దూరపు ఫొటో ఒకటైనా ఉందా, దగ్గరగా ఒక ముఖమో చేతులో ఉన్నాయా, ఎవరూ కెమెరా వైపు చూడని ఫొటో ఒకటైనా ఉందా అని చూసుకోండి. కష్టపడి తీశాం అన్న మమకారంతో ఏ ఫొటోనూ ఉంచొద్దు. చెట్టెక్కి తీశారని చదివేవాడికి తెలియదు.

సరిచేయడం రెండు నిమిషాల పని. ముందు వంకర తీయండి. తర్వాత అంచుల్లో అనవసరమైనది కత్తిరించండి. ఎండలో ఆకాశం తెల్లబోతే 'హైలైట్స్' కొంచెం తగ్గించండి. ముఖాలు చీకటైతే 'షాడోస్' కొంచెం పెంచండి, ఎక్కువ పెంచితే చీకట్లో ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి, చర్మం బూడిదబారుతుంది. రంగు తేడాగా ఉంటే 'వైట్ బ్యాలెన్స్'లోకి వెళ్లి, ఫొటోలో తెల్లగా ఉండాల్సిన వస్తువు, చొక్కానో కాగితమో, తెల్లగా అయ్యేదాకా జరపండి. 'సాచురేషన్' జోలికి వెళ్లకండి. నీలం జెండాలు ఇప్పటికే ఫోన్ దయవల్ల కళ్లు చెదిరేలా ఉంటాయి, ఇంకా పెంచితే గుడ్డ మడతలు పోయి నీలం పెయింటు డబ్బా ఒలికినట్టవుతుంది. అయిపోయాక ఫొటోని నొక్కి పట్టుకుని పాతదీ కొత్తదీ పోల్చండి. కొత్తది చూడగానే 'ఎడిట్ చేశారు' అనిపిస్తే సగం వెనక్కి రండి.

ఎంతవరకు చేయొచ్చు? దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో స్తెపాన్ రుదిక్ అనే ఫొటోగ్రాఫర్‌కు బహుమతి ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. కీవ్ వీధుల్లో జరిగే కొట్లాటల మీద ఆయన చేసిన ఫొటోకథ అది. ఒక ఫొటోలో విశాలమైన దృశ్యంలోంచి కట్టు కడుతున్న చెయ్యి వరకే కత్తిరించాడు, బ్లాక్ అండ్ వైట్ చేశాడు. వాళ్లు బహుమతి లాక్కున్నది వీటికి కాదు. చేతి వెనక కొంచెం కనపడుతున్న ఒక పాదాన్ని చెరిపేసినందుకు. కత్తిరించవచ్చు, వెలుతురు మార్చవచ్చు, ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని పెట్టకూడదు. వార్తా ఫొటోకు గీత అక్కడే. ఇప్పుడు ఫోన్లలో వేలితో గీస్తే మనుషులే మాయమవుతున్నారు. పెళ్లి ఫొటోలో చేసుకోండి, ఎవరికీ నష్టం లేదు. ధర్నా ఫొటోలో చేశారంటే, రేపు ఆ ఫొటో నిజం కాదనడానికి అవతలివాళ్లకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టు.

ఒరిజినల్ ముట్టుకోవద్దు

దాడి జరిగినచోట ఫొటో తీయాల్సి వచ్చేది చాలాసార్లు మనవాళ్లకే. అక్కడ అందం సంగతి మర్చిపోండి. ముందు దూరం నుంచి మొత్తం చోటు, తర్వాత కాస్త దగ్గర నుంచి, తర్వాత దెబ్బతిన్న వస్తువు, పక్కన ఒక రూపాయి బిళ్లో పెన్నో పెట్టి, ఎంత పెద్దదో తెలిసేలా. దేన్నీ జరపకండి. ఆ ఫైళ్ల మీద ఏ ఎడిటింగూ చేయకండి, చేయాలంటే కాపీ మీద చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు కోర్టుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఫైలు 'హాష్' విలువ రాయాలి. హాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. ఫైలులో పిసరంత మారినా అది మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది ఫైలును కుదించి, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు తీసేస్తుంది. 'డాక్యుమెంట్'గా పంపండి. లాయరుకు పంపేటప్పుడు ఆ వివరాలు ఉండాలి. అదే ఫొటో బయట పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయాలి, ఎందుకో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా ఏదైనా ప్రచురిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, అది నేరం. పాత ఐపీసీలో 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్. ముఖం మీద ఫోన్‌లోని పెన్నుతో నల్లగా గీసి పంపేవాళ్లున్నారు. ఆ పెన్ను కొన్నిసార్లు సగం పారదర్శకంగా ఉంటుంది, వెలుతురు పెంచితే కింద ముఖం మళ్లీ బయటపడుతుంది. ముఖం దాచినా వెనక ఇంటి నంబరు, యూనిఫాం మీద బడి పేరు పట్టిస్తాయి. అందుకే ముఖం ఉన్న ఫొటో తీసి దాచడం కన్నా, ముఖం లేకుండా తీయడం మేలు. తల్లి చేతిలో ఉన్న పిల్ల చెయ్యి, గుమ్మం వైపు తిరిగిన వీపు. అసలు తీయకుండా కూర్చుని మాట్లాడి రావడం కూడా ఒక్కోసారి సరైన పని.

తమిళనాడులో ఎం. పళనికుమార్ అనే ఫొటోగ్రాఫర్ ఉన్నారు. మదురై ప్రాంతం వారు, అమ్మ చేపలు అమ్మేది. 2017లో వచ్చిన 'కక్కూస్' డాక్యుమెంటరీకి కెమెరా ఆయనదే. మురుగులో దిగి చనిపోయిన కార్మికుల కుటుంబాలను ఏళ్ల తరబడి తీశారు. 2022లో మొదటి దయానితా సింగ్ – పారి డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అవార్డు అందుకున్నారు. పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకు, జాలర్ల పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పిస్తున్నారు. తన అమ్మ బుట్టతో చేపలమ్ముతుండగా కూడా తీశారు. ఆ ఫొటోలు వెతికి చూడండి, ఎంత ఎత్తు నుంచి తీశారో గమనించండి.

ఫొటో కింద పేరు

డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన 'మైగ్రెంట్ మదర్' ఫొటో ప్రపంచమంతా తిరిగింది. పిల్లల్ని ఆనించుకుని దిగులుగా చూస్తున్న వలస కూలీ తల్లి. ఫొటో మూలలో ఆమె బొటనవేలు అడ్డుగా ఉందని లాంగ్ తర్వాత నెగెటివ్ మీద దాన్ని చెరిపించింది. పేరు మాత్రం రాసుకోలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై ఏళ్లకు పైగా ఆమె ముఖం అందరికీ తెలుసు, ఆమె పేరు ఎవరికీ తెలియదు.

మీరు ఫొటో పంపేటప్పుడు ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి రాసి పంపండి, వాళ్లు ఒప్పుకుంటే. ఇంటిపేరుతో సహా, వాళ్లు ఎలా చెప్తే అలా. 'దళిత మహిళ', 'వృద్ధురాలు' అని రాస్తే థర్‌స్టన్ పుస్తకంలో చీటీ లాగే ఉంటుంది. ఊరు, మండలం, తేదీ, అక్కడ ఏం జరుగుతోందో ఒక వాక్యం. 'వ్యవసాయ కూలీ' అనకుండా 'మిరపకాయల్లో తాలు ఏరుతున్నారు' అని రాయండి.

తర్వాత, తీసిన ఫొటోలో ఒకటైనా ప్రింటు వేయించి వాళ్లకిచ్చి రండి. ఫోన్ పోతే ఫొటోలూ పోతాయి, మన ఇళ్లల్లో తాతల ఫొటోలు ఎందుకు లేవో తెలిసిందే. ప్రింటు వెనక పెన్సిల్‌తో పేరూ తేదీ రాయండి, బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపు గీతలు పడతాయి. పెద్దమ్మ రెండో ఫొటో ప్రింటు ఆమె ఇంట్లో బీరువా అద్దానికి దోపి ఉంది. మంచి చీరలో, ఎర్రటి రాశి పక్కన. కొంచెం ఎక్కువ ఎరుపు వచ్చిందని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆమెకు ఆ ఎరుపే ఇష్టమట.